ఖాళీ గంపల కేసు

రాజమండ్రి కోర్టుల్లో ఇరవై ఎనిమిదేళ్లు ప్రాక్టీసు చేశాను. అందులో ఎక్కువ భాగం లారీ ప్రమాదాల కేసులే. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి మోటారు వాహనాల చట్టం ఎవరైనా నేర్పగలరు. నాలుగు నెలలు ఫైళ్లు మోస్తే సెక్షన్లు వాటంతట అవే నోటికి వస్తాయి. నేను రాయదలచుకున్నది నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పు ఎవరి నెత్తిన పడిందో ఆవిడ గురించి. మిగతా సంగతులు ఆ దారిలో తగిలితే చెబుతాను.

ముందు ఈ పని ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. తొంభైల్లో ప్రమాదం జరిగిన మర్నాటికల్లా ఆసుపత్రి గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు బ్రోకర్లు నిలబడేవారు. మనిషికి స్పృహ రాకముందే వకాల్తా కాగితం మీద వేలిముద్ర పడిపోయేది. ఏ లాయరు, ఏ కేసు అన్నది ఆ కుటుంబానికి తర్వాతెప్పుడో తెలిసేది. ఇన్సూరెన్స్ లేని లారీ గుద్దితే ఇన్సూరెన్స్ ఉన్న లారీని తెచ్చి కేసులో నిలబెట్టిన సందర్భాలూ చూశాను. కంపెనీలవైపు పాపం లేదని కాదు. కాలు పోయిన మనిషిని ఆరేళ్లు వాయిదాలకి తిప్పడం అక్కడ రోజువారీ పని. ఇంతమంది అబద్ధాల మధ్య మన అబద్ధం ఒక్కటి చిన్నదిగా కనిపిస్తుంది. నాకు అలాగే కనిపించింది.

విశ్వనాథం గారి దగ్గర

నేను పని నేర్చుకున్నది ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున వాదించే విశ్వనాథం గారి దగ్గర. దానవాయిపేటలో ఆయన ఇంటి ముందుగదే ఆఫీసు. మా నాన్నగారు మిషన్ బడిలో టీచరు. ఆడపిల్ల లాయరేమిటని చుట్టాలంతా అంటుంటే, తనే నన్ను వెంటబెట్టుకుని ఆ ముందుగదికి తీసుకెళ్లారు. విశ్వనాథం గారు నా మార్కుల కాగితం పక్కన పెట్టి, "సైకిలు తొక్కడం వచ్చా అమ్మా?" అని అడిగారు. వచ్చన్నాను. "అయితే రేపు బొమ్మూరు దగ్గర ప్రమాదం జరిగిన చోటు చూసిరా. రోడ్డు వెడల్పు అడుగులతో కొలిచి చెప్పు," అన్నారు. అదే ఇంటర్వ్యూ.

ఆయన ఎదుటి సాక్షిని క్రాస్ చేసే పద్ధతి వేరు. గొంతు పెంచేవారు కాదు. సాక్షిని ప్రమాదం గురించి ముందు అడిగేవారే కాదు, అతని పని గురించి అడిగేవారు. రావులపాలెం నుంచి వచ్చిన ఒక అరటిగెలల హమాలీ కేసు నాకు బాగా గుర్తు. నడుస్తున్న లారీ మీంచి పడి వెన్ను దెబ్బతింది. డ్రైవరు నిర్లక్ష్యమని కేసు. విశ్వనాథం గారు లేచి, "గెలలు ఎలా పేరుస్తారయ్యా?" అని అడిగారు. అతను ఉత్సాహంగా చేతులతో చూపించడం మొదలుపెట్టాడు. కింద ఆకు ఎలా పరుస్తారు, కాడలు ఎటువైపు తిప్పుతారు, ఆఖరి వరస క్యాబిన్ కంటే ఎత్తుకి ఎలా లేపుతారు, దాని మీద కూర్చునే మనిషి తాడు నడుముకి ఎలా కట్టుకుంటాడు. "ఆ రోజు కట్టుకున్నావా?" అన్నారాయన. "లేదండి, దగ్గరే కదా అని," అన్నాడు అతను. తప్పులో సగం అతనిదని తీర్పొచ్చింది. పరిహారం సగమైపోయింది.

ఆ సాయంత్రం నేను సంబరపడ్డాను. ఆయన పడలేదు. "మనిషి దేని గురించైనా అబద్ధం చెప్పగలడు గానీ తన పని గురించి చెప్పలేడమ్మా," అని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అతను మంచి పనివాడు," అన్నారు.

ఐదేళ్ల తర్వాత ఆయనకి చెప్పే బయటికొచ్చి, దెబ్బతిన్నవాళ్ల తరఫున కేసులు తీసుకోవడం మొదలుపెట్టాను. ఆ హమాలీ ముఖం కూడా ఒక కారణం. ఆయన అడ్డు చెప్పలేదు. "అటువైపు పని ఎక్కువ. ఇక్కడ ఉన్నదాన్ని పడగొడితే చాలు, అక్కడ నిలబెట్టాలి," అన్నారంతే.

నూకరత్నం

నూకరత్నం ఉప్పాడ మనిషి. భర్త పడవ మీద వేటకి వెళ్లేవాడు, ఆవిడ చేపలమ్మేది. తెల్లారగట్ల ఒడ్డున చేప కొని, మరో ఐదుగురు ఆడవాళ్లతో కలిసి ఒక చిన్న లారీ కిరాయికి మాట్లాడుకుని, పిఠాపురం మీదుగా పెద్దాపురం వెళ్లేది. అక్కడ గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మి, మధ్యాహ్నం అదే లారీలో ఇంటికి. ఒకరోజు తిరుగు ప్రయాణంలో, సామర్లకోట దాటాక, డ్రైవరు మలుపు దగ్గర వేగం తగ్గించకుండా తిప్పాడు. లారీ కాలవగట్టు కిందికి బోల్తా పడింది. మిగతావాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. నూకరత్నం ఎడమకాలు లారీ బాడీ కింద నలిగిపోయింది. మోకాలి కింద నుంచి తీసేశారు.

నా దగ్గరికి వచ్చేసరికి చంక కర్రల మీద ఉంది. నలభై ఏళ్లుంటాయేమో. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా ముందు గోడకి ఆనుకుని నిలబడి, గది అంతా ఒకసారి చూసింది.

"మిగతావాళ్లు కేసు వెయ్యలేదా?" అని అడిగాను.

"లేదండి. ఆ లారీవాయనతోనే మళ్లీ ఎళ్లాలి కదండి ఆళ్లు. నాకింక లారీతో పనేటుందండి."

కేసు చూడ్డానికి తేలిక. డ్రైవరు తప్పు స్పష్టంగా ఉంది. చిక్కల్లా ఒక్కచోటే. సరుకు లారీలో ప్రయాణికులు ఎక్కితే వాళ్లకి ఇన్సూరెన్స్ వర్తించదు. సరుకు యజమాని తన సరుకుతో పాటు వెళుతుంటే మాత్రం వర్తిస్తుంది. పొద్దున వెళ్లేటప్పుడు నూకరత్నం సరుకు యజమాని, అందులో అనుమానం లేదు. తిరిగి వచ్చేటప్పుడో? గంపలు ఖాళీ. పోలీసుల పంచనామాలో కూడా అలాగే ఉంది: రోడ్డు మీద, కాలవగట్టు మీద ఖాళీ గంపలు, ఒక కాటా, రెండు కత్తిపీటలు. సరుకు లేదు కాబట్టి ఈమె ఊరికే ఎక్కిన ప్రయాణికురాలని కంపెనీ వాదించడం ఖాయం. లారీ యజమానికి ఉన్నదల్లా ఆ ఒక్క పాత లారీ. కంపెనీ తప్పుకుంటే ఆవిడకి దక్కేదేమీ లేదు.

కంపెనీ తరఫున వకాల్తా వేసింది విశ్వనాథం గారు.

నేను చెప్పించిన మాట

సాక్ష్యానికి రెండు రోజుల ముందు నూకరత్నాన్ని ఆఫీసుకి పిలిపించాను. ఏం అడుగుతారో, ఎలా చెప్పాలో వివరించాక, "చివరగా ఒక్క మాట. ఆ రోజు నీ గంపలో కొన్ని చేపలు మిగిలాయని చెప్పాలి. సగం గంప కానాగంతలు అమ్ముడుపోలేదు, ఇంటికి తెచ్చుకుంటున్నాను అని," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది.

"మిగల్లేదండి."

"తెలుసు. కానీ మిగిలాయంటేనే నువ్వు సరుకుతో వస్తున్నట్టు. లేకపోతే కంపెనీ తప్పించుకుంటుంది."

"నా గంపలో చేప మిగిలిందని ఎలా చెప్పనండి? ఊళ్లో ఇంటే నవ్వరా?"

ఆ మాటకి నేను నవ్వాను. అది ఇప్పటికీ గుర్తుంది. కాలు పోయిన మనిషి ఊళ్లో నవ్వుతారేమోనని బెంగపడుతోందనుకున్నాను. "నీ కేసంతా ఆ ఒక్క మాట మీద ఉందమ్మా," అన్నాను. ఆవిడ చంక కర్రలు దగ్గరికి లాక్కుంది. చివరికి, "మీరు చదువుకున్నోరు. మీరు చెప్పమంటే చెప్తానండి," అంది.

ఇక్కడ ఆగి ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో సాక్షికి ఇలాంటి మాటలు అందించడం కోర్టులో ఎవరికీ వింత కాదు. నేను భయపడలేదు, సిగ్గుపడలేదు. మనిషికి సాయం చేస్తున్నాననే అనుకున్నాను. నిజానికి ఆ ఫైల్లోనే లారీ యజమాని కోర్టులో వేసిన జవాబు ఉంది. "ఈ ఆడవాళ్లు రోజూ చేపలకి రానూపోనూ నా లారీని కిరాయికి మాట్లాడుకుంటారు, కాబట్టి ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టాలి" అని అందులో రాశాడు. ఆ వాక్యం నేను చదివాను. పక్కన పెన్సిల్ గీత కూడా గీయలేదు. ఉన్న నిజం మీద పనిచేయడానికి ఆలోచించాలి. అబద్ధానికి ఆ శ్రమ అక్కర్లేదు. ఒక మాట అందిస్తే అయిపోతుంది.

బోనులో

నూకరత్నం కర్రలు పక్కన పెట్టి, బోను కమ్మీ పట్టుకుని నిలబడింది. దేవుడి మీద ప్రమాణం చేయించారు. నేను అడిగినవన్నీ చెప్పింది. చేపల మాట దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గింది. జడ్జిగారు మళ్లీ చెప్పమన్నారు. "సగం గంప కానాగంతలు మిగిలాయండి," అంది.

విశ్వనాథం గారు నెమ్మదిగా లేచారు.

"పెద్దాపురంలో ఎక్కడ మొదలెడతావమ్మా?"

"మరిడమ్మ గుడి ఈధి నుంచండి."

"ఏం చేప తీసుకెళ్తావు?"

"రోజుని బట్టండి. వంజరం, చందువ, కానాగంతలు. ఎవరింట్లో ఏది తింటారో నాకు తెలుసండి. మేష్టారింట్లో చందువ. ఆ పక్కింట్లో బాలింత ఉంటే, పాలు పడతాయని పాలసొర."

ఆవిడ ముఖంలో కళ వచ్చింది. కోర్టుకి వచ్చిన తర్వాత మొదటిసారి తల పైకెత్తి మాట్లాడుతోంది. ఆయన ఎటు వెళుతున్నారో నాకు తెలుసు. ఆయన పక్కన కూర్చుని ఐదేళ్లు నేర్చుకున్నదే అది.

"ఎన్నింటికి అయిపోతుంది?"

"పదకొండుకల్లా గంప ఖాళీ అండి. జాతర రోజుల్లో అయితే తొమ్మిదికే."

"ఒక్కోరోజు మిగిలిపోవూ?"

"నా గంపలో చేప మిగలడమాండి?" అంది నూకరత్నం. "పదిహేనేళ్ల నుంచి అమ్ముతున్నానండి, ఒక్కరోజు కూడా..."

ఆగిపోయింది. ఆవిడ నావైపు చూసింది. నేను ఫైల్లోకి చూశాను.

"ఒక్కరోజు కూడా మిగల్లేదు. ఆ రోజు తప్ప?" అన్నారాయన, చాలా మెల్లగా.

ఆ క్షణంలో ఆవిడ నిజం చెప్పేయవచ్చు. లాయరమ్మ చెప్పమంది అంటే సరిపోయేది. చెప్పలేదు.

"ఆ రోజు మిగిలాయండి," అంది.

ఆయన పంచనామా తీసి, ఖాళీ గంపలు అని రాసి ఉన్న వరస చదివారు. రోడ్డు మీద ఒక్క చేపైనా ఉన్నట్టు పోలీసులు రాయలేదని జడ్జిగారికి చూపించారు. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. ఈ మాట చెప్పమని నీకు ఎవరు చెప్పారు అన్నది. ఆయన అడగలేదు. "అంతేనండి," అని కూర్చున్నారు.

తీర్పు

మూడు నెలలకి తీర్పొచ్చింది. ప్రమాదం డ్రైవరు తప్పే. కాలు పోయిన మాట నిజం. అయితే పరిహారం లారీ యజమానే కట్టాలి, కంపెనీకి బాధ్యత లేదు. అంతవరకైతే అప్పీలులో తేల్చుకునే సంగతి. దాని కింద ఇంకో వాక్యం ఉంది: ఈ సాక్షి ప్రమాణం చేసి కూడా అబద్ధం చెప్పడానికి వెనుకాడలేదు, ఆమె మాటను నమ్మడానికి వీల్లేదు.

ఆ మధ్యాహ్నం లాయర్ల బార్ రూములో విశ్వనాథం గారు ఒంటరిగా ఉంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. కూర్చోమనలేదు.

"ఒక ప్రశ్న అడగలేదు నేను. నీ కోసం అనుకుంటున్నావేమో," అన్నారు.

"కాదాండి?"

"కాదు. అడిగితే ఆవిడ ఇంకో అబద్ధం చెప్పేది, నిన్ను కాపాడ్డానికి. బోనులో నిలబడ్డ మనిషి చేత ఎన్ని అబద్ధాలు ఆడిస్తాం?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఖాళీ గంప సరుకు కాదని నీకెవరు చెప్పారమ్మా? రానూపోనూ కిరాయి కట్టింది. గంపలు ఆవిడవి, కాటా ఆవిడది, కత్తిపీట ఆవిడది. అవి లేకపోతే మర్నాడు వ్యాపారం ఉందా? అదే నువ్వు వాదించి ఉంటే నేను తడుముకునేవాణ్ని. లారీ యజమాని వేసిన ఆ జవాబుకి భయపడే నేను వారం రోజులు పుస్తకాలు తిరగేశాను. నువ్వొచ్చి కానాగంతలు అన్నావు." లేస్తూ, "వెళ్లి ఆవిడకి చెప్పు. కాగితం పంపించకు, నువ్వే వెళ్లు," అన్నారు.

వెళ్లాను. ఉప్పాడలో ఆవిడ ఇల్లు సముద్రానికి నాలుగిళ్ల ఇవతల. వీధి అరుగు మీద కూర్చుని ఎవరి వలకో ముడులు వేస్తోంది. తీర్పు సంగతి చెప్పాను. తప్పు నాదేనని, నిజం చెప్పనిచ్చి ఉంటే కేసు నిలబడేదేమోనని చెప్పాను. ఆవిడ వల పక్కన పెట్టలేదు.

"నన్ను అబద్ధాలకోరని రాశారాండి?"

"రాశారమ్మా."

"కోర్టు కాగితం మీద?"

"ఆ."

వేళ్లు ఆగాయి. "చెప్పనన్నాను కదండి మీతో," అంది. తిట్టలేదు, ఏడవలేదు. కాసేపటికి మళ్లీ ముడి వేయడం మొదలుపెట్టి, "ఎండెక్కుతాంది. ఎళ్లి రండి," అంది. మంచినీళ్లు ఇవ్వలేదు. అడిగే ముఖం నాకూ లేదు. బస్సులో కూర్చున్నాక, లాయరు పని మానేయాలని మొదటిసారి అనిపించింది. మానలేదు. మానేస్తే ఆవిడకి ఒరిగేదేమీ లేదు.

హైదరాబాదులో హైకోర్టు లాయరు ఒకాయన నాకు తెలుసు. కేసు ఆయనకి అప్పగించాను. ఏం జరిగిందో ఒక ఉత్తరంలో పూర్తిగా రాశాను. చేపల మాట నేను చెప్పించిందేనని, అవసరమైతే ఈ ఉత్తరం కోర్టులో పెట్టమని, దానివల్ల నాకు ఏం జరిగినా సరేనని. ఆయన ఫోను చేసి, "ఉత్తరం నా దగ్గర ఉంచుతాను. ముందు ఫైల్లో ఉన్నదానితో ప్రయత్నిస్తాను," అన్నారు. నేను తప్పించుకున్నానని సంతోషపడ్డానా? కొంచెం పడ్డాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

అప్పీలు విచారణకి రావడానికి ఆరేళ్లు పట్టింది. ఈలోపు నేను ఎన్నో కేసులు చేశాను. సాక్షికి ఒక్క మాట కూడా నేర్పలేదు. దానివల్ల ఓడిపోయిన కేసులున్నాయి. బ్రోకర్లు నా దగ్గరికి రావడం మానేశారు. పంచనామాలో నాకు నచ్చని వాక్యం కనిపిస్తే ముందు దాని దగ్గరే కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. నా దగ్గరికొచ్చిన ప్రతి మనిషినీ తను పనిచేసే చోటికి వెళ్లి చూడటం కూడా అప్పటి నుంచే. కాలు తీసేస్తే ఎంత శాతం నష్టమో డాక్టరు సర్టిఫికెట్ చెబుతుంది. నెత్తిన గంపతో పెద్దాపురం వీధులన్నీ తిరిగే మనిషికి ఆ కాలు ఏమిటో ఆ వీధులే చెప్పాలి.

ఉప్పాడకి మళ్లీ

హైకోర్టు ఉత్తర్వు వచ్చిన వారానికి ఉప్పాడ వెళ్లాను. ఇల్లు ఉన్నచోట ఇల్లు లేదు. సముద్రం ఆ వరసంతా కోసేసింది. అడిగి తెలుసుకుని లోపలి వీధికి వెళ్లాను. నూకరత్నం పెట్టుడు కాలు బిగించుకుని, పీట మీద కూర్చుని ఎండుచేపలు వేరు చేస్తోంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి, ఇంకో పీట జరిపింది.

కేసు గెలిచామని చెప్పాను. రానూపోనూ కిరాయి కాబట్టి, వ్యాపారం సామాను లారీలో ఉంది కాబట్టి, ఆవిడ ఊరికే ఎక్కిన ప్రయాణికురాలు కాదన్నారు. అయితే లారీలో ఎక్కాల్సినదానికంటే ఎక్కువమందిని ఎక్కించాడు కాబట్టి, కంపెనీ ముందు డబ్బు కట్టి, తర్వాత లారీ యజమాని దగ్గర రాబట్టుకోవాలన్నారు. ఆవిడ విన్నది. పెద్దగా సంతోషం కనిపించలేదు.

"మరి ఆ మాటండి? అబద్ధాలకోరన్న మాట?"

దాని కోసమే కాగితం తెచ్చాను. ఉత్తర్వులో ఆ చోటు వెతికి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చదివాను: తన గంపలో చేప ఎన్నడూ మిగల్లేదని ఈ సాక్షి చెప్పిన జవాబు సహజంగా ఉంది, అది నిజమని నమ్ముతున్నాం. మిగిలిందన్న మాట ఎవరో చెప్పించినట్టుంది. అందుకు ఆమెను తప్పుపట్టలేం. కింది కోర్టు రాసిన వ్యాఖ్యను తొలగిస్తున్నాం.

"మళ్లీ చదవండి," అంది. చదివాను. "కోడలా, ఇలా రా. ఇను," అని లోపలికి కేకేసింది. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడితే మూడోసారి చదివాను.

కోడలు లోపలికి వెళ్లాక నూకరత్నం అడిగింది.

"ఎవరో చెప్పించారని రాశారు. పేరు రాయలేదేంటండి?"

"ఎవరో ఆ జడ్జిగారికి తెలీదమ్మా."

ఆవిడ ఒక చేప తీసి తట్టలో వేసింది, ఇంకోటి తీసింది.

"మీకు తెలుసు కదండి," అంది.

"తెలుసు."

ఇంక ఆ మాట ఎత్తలేదు. లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెప్పించింది. తాగాను. సంతకాలకి సోమవారం రాజమండ్రి రావాలని చెబితే, పొద్దున బస్సుకి వస్తానంది. ఆ బస్సులో కాలు పెట్టే చోటుండదు, మధ్యాహ్నం దాన్లో కూర్చుని రా, నువ్వొచ్చేదాకా నేను కోర్టు దగ్గరే ఉంటానన్నాను.